చెన్నపట్నపు తొలి స్థల వ్యవహర్త: దుబాసీ బేరి తిమ్మన్న

ఇంటిస్థలం కొనాలన్నా, అమ్మాలన్నా ఇరుపక్షాల మాట కలిపే మధ్యవర్తి అవసరం. బేరం కుదిరాక అతని పేరు ఎవరికీ గుర్తుండదు. చెన్నపట్నమే అటువంటి ఒక స్థల వ్యవహారంలో పుట్టింది. దాని నడుమ నిలిచినవాడు తెలుగువాడైన బేరి తిమ్మన్న.

నెల్లూరు తీరాన దుగరాజపట్నంలో వర్తకస్థానం నెలకొల్పుకొన్న ఆంగ్లేయులకు ఆ చోటు కలిసిరాలేదు. అక్కడి అధికారి ఫ్రాన్సిస్ డే దక్షిణాన వేరొక స్థలం వెదకినాడు. చంద్రగిరి రాయల ప్రతినిధిగా ఈ తీరాన్ని ఏలుతున్న దామెర్ల వెంకటాద్రి నాయకుడు 1639లో మదరాసపట్నం వద్ద కోట కట్టుకొనేందుకు అనుమతి ఇచ్చినాడు. ఈ సంప్రదింపులలో డేకు దుబాసీగా వ్యవహరించినవాడు తిమ్మన్న అని చరిత్ర చెబుతున్నది. నాయకుని తండ్రి చెన్నప్ప పేరిట కొత్త ఊరు చెన్నపట్నమయినది.

దుబాసీ అంటే రెండు భాషలు తెలిసినవాడు మాత్రమే కాడు. రెండు పక్షాల నమ్మకాన్నీ మోసేవాడు. ఇసుక దిబ్బకు విలువ తెచ్చేది దానిపై నివసించే జనమే. కోటకు ఉత్తరాన వెలసిన పేటకు నేతగాండ్రు, అద్దకంవారు, వర్తకులు వచ్చి చేరినారు. కంపెనీ ఇచ్చిన బయానా సొమ్మును నేతగాండ్రకు అందజేసి, బట్టలు సేకరించి అప్పగించడం ప్రధాన వర్తకుల పని. తిమ్మన్న, అతని తరువాత కాశీ వీరన్న ఆ పదవిలో ప్రసిద్ధికెక్కినారు.

తిమ్మన్న ఆర్జన వర్తకంతోనే ముగియలేదు. పేటలో వెలసిన చెన్నకేశవస్వామి ఆలయానికి సంబంధించి 1646లో నాగభట్టు, 1648లో తిమ్మన్న వ్రాసిన దానపత్రాలు ప్రసిద్ధమైనవి. ఆలయ నిర్మాణ ఘనత ఎవరిదన్న విషయంలో భిన్నాభిప్రాయాలున్నా, పోషకులలో తిమ్మన్న ముఖ్యుడనడంలో సందేహం లేదు.

1746 నుండి 1749 వరకు పట్నం ఫ్రెంచివారి వశమైనది. తిరిగి వచ్చిన ఆంగ్లేయులు కోటకు రక్షణగా ఉత్తరపు పేటను ఖాళీ చేయించగా ఆలయమూ తొలగిపోయినది. అయినా ప్రజల ఆస్తి గనుక దానికి బదులు స్థలం లభించింది. గవర్నరు పిగట్ దుబాసీ మణలి ముత్తుకృష్ణ మొదలియారు తోడ్పాటుతో 1760ల నాటికి నేటి దేవరాజ మొదలి వీధిలో చెన్నకేశవ, చెన్నమల్లేశ్వర ఆలయాలు జంటగా వెలసినవి. పాత పేట ఉన్నచోట 1892లో హైకోర్టు భవనం పూర్తయినది.

తిమ్మన్న సొంతానికి సంపాదించినది ఏమైనదో నేడు ఎవరూ అడగరు. పదిమందికీ చెందాలని అతడు పోషించిన ఆలయం మాత్రం చోటు మారినా నిలిచి ఉన్నది. పరాయి భాషల నడుమ తెలుగువారు నిలుపుకొన్న గుడులకూ బడులకూ మూలంలో ఇటువంటి దాతృత్వమే ఉన్నది. సొంత లాభం చూసుకొన్నవాడే సామాన్యపు మేలును కూడా తలచినందువల్ల ఆ స్థలాలు మనకు దక్కినవి. వాటిని భావితరాలకు అప్పగించవలసిన బాధ్యత ఇప్పుడు మనది.