జోషాందా గిన్నె – మన ఇళ్లలోని వైద్య చరిత్ర

చలికాలం వచ్చిందంటే మన హనుమకొండ గల్లీలలో ఒక వాసన లేచేది. పొయ్యి మీద గిన్నెలో అల్లం, మిరియాలు, అతిమధురం మరుగుతుంటే, ఫలానా ఇంట్లో పిల్లవానికి సర్ది పట్టిందని వీధి చివరిదాకా తెలిసిపోయేది. ఉర్దూ మాట్లాడే ఇంట్లో దానిని జోషాందా అన్నారు, తెలుగు ఇంట్లో కషాయం అన్నారు. ఈ గిన్నె ఎక్కడి నుండి వచ్చింది, ఇప్పుడెందుకు చల్లారుతున్నది అన్న సంగతి సంఘ సభ్యుల ముందు, ముఖ్యంగా మన అక్కాచెల్లెళ్ల ముందు పెట్టాలని ఈ నాలుగు మాటలు వ్రాస్తున్నాము.

జోషాందా అన్నది పారసీ మాట. మరిగించినది అని అర్థం. ఇది యునానీ వైద్యానికి చెందినది. అరబ్బీలో యూనాన్ అంటే గ్రీసు దేశం. తొమ్మిదవ శతాబ్దంలో బాగ్దాదు నగరంలో హునైన్ ఇబ్న్ ఇస్‌హాఖ్ అనే క్రైస్తవ పండితుడు గ్రీకు వైద్యుడు గాలెన్ గ్రంథాలను సిరియాక్, అరబ్బీ భాషలలోకి తెచ్చాడు. తర్వాత ఇబ్న్ సీనా (980–1037) తన ‘అల్ ఖానూన్’ గ్రంథంలో ఆ విద్యనంతా ఒక క్రమంలో పెట్టాడు. మన ముసలివాళ్లు “ఛాతీలో బల్గం పట్టింది” అంటారే, ఆ బల్గం ఆ గ్రంథాలు చెప్పే నాలుగు ధాతువులలో ఒకటి. చదువురాని నానమ్మ నోట వెయ్యేళ్ల శాస్త్రం మాట్లాడింది!

ఈ విద్య దక్కనుకు రాజుల వెంట వచ్చింది. హైదరాబాదులో 1595 ప్రాంతంలో మహమ్మద్ ఖులీ ఖుతుబ్ షా కట్టించిన దారుష్షిఫా ఆ కాలపు పెద్ద ఆసుపత్రి. మన వరంగల్లు కూడా భాగమైన నిజాం రాజ్యంలో యునానీకి సర్కారు ఆదరణ ఉండేది. చార్మినార్ పక్కన నిజామియా యునానీ ఆసుపత్రిని కట్టించినది ఏడవ నిజాం మీర్ ఉస్మాన్ అలీఖాన్. హకీం మహమ్మద్ మొయిజుద్దీన్ ఫారూఖీ 1920లో హైదరాబాదులో ప్రారంభించిన జిందా తిలిస్మాత్ సంగతి వేరే చెప్పనక్కరలేదు. నీలగిరి తైలం ప్రధానంగా గల ఆ ఎర్రని మందు చిన్న సీసా లేని ఇల్లు మేము తక్కువగా చూశాము. వేడి నీళ్లలో రెండు చుక్కలు, ఛాతీకి కొంచెం రుద్దడం, అంతే.

ఇక గిన్నెలో ఏముండేదో చూద్దాం. హకీములు దగ్గుకు ఎక్కువగా చెప్పే యోగం ఇది: ఉన్నాబ్ 5, సపిస్తాన్ 9, బేహిదానా 3 గ్రాములు. ఉన్నాబ్ రేగు జాతి పండు, సపిస్తాన్ మన నక్కెర జాతి ఎండు పండు. బేహిదానా కాశ్మీరు వైపు నుండి వచ్చే గింజ. ఈ గింజలోనూ, నక్కెర పండులోనూ జిగురు ఉంటుంది. ఆ జిగురు గొంతుకు పూతలాగా పట్టి దురదను అణుస్తుంది. అతిమధురాన్ని గ్రీకులు “తీపి వేరు” అన్నారు, మనవాళ్లు “అతిమధురం” అన్నారు. ఎవరికి వారే రుచి చూసి ఒకే పేరు పెట్టారన్నమాట.

దూరపు సరుకు దొరకని రోజు మన తల్లులు ఆగిపోలేదు. తులసి, వామాకు, అడ్డసరం ఆకు వేసి మరిగించారు. కంచె పక్కన ఊరకనే పెరిగే ఈ అడ్డసరాన్ని తక్కువ చేయరాదు. అందులోని వాసిసిన్ అనే పదార్థం ఆధారంగానే బ్రోమ్‌హెక్సిన్ మందు తయారై 1960 దశకంలో వాడుకలోకి వచ్చింది. కఫాన్ని పలుచన చేయడానికి నేడు డాక్టర్లు వ్రాసే సిరప్పులలో అది చాలా వాటిలో ఉన్నది. అంటే మన కంచెలోని ఆకు దేశాలు తిరిగి, సీసాలో కూర్చుని, మళ్లీ మన ఇంటికే వచ్చింది.

అయితే ఆకును మరిచిపోయి సీసానొక్కటే నమ్మితే ఏమవుతుందో కూడా చూశాము. 2022లో గాంబియా దేశంలో కల్తీ దగ్గు మందు తాగి 60 మందికి పైగా పిల్లలు చనిపోయారు. ఆ మందు మన దేశంలో తయారైనదే. అలాగని కషాయమే సర్వరోగ నివారిణి అనడం కూడా పొరపాటే. ఏడాది నిండని బిడ్డకు తేనె నాకించరాదు. రక్తపోటు ఉన్నవారు అతిమధురం రోజుల తరబడి తాగరాదు. రెండు వారాలు దాటిన దగ్గుకు గిన్నె పెట్టుకుని కూర్చోక ప్రభుత్వ ఆసుపత్రిలో కఫం పరీక్ష చేయించాలి, అక్కడ అది ఉచితం. బిడ్డ ఎగశ్వాస తీస్తుంటే ఒక్క గంట కూడా ఆలస్యం పనికిరాదు. వెనుకటి మంచి హకీం కూడా నాడి చూసి, తన చేతిలో లేనిదైతే “పెద్దాసుపత్రికి తీసుకపోండి” అనేవాడు.

మమ్మల్ని బాధపెడుతున్న సంగతి ఒకటున్నది. హకీముల యోగాలు గ్రంథాలలో భద్రంగానే ఉన్నాయి. కాని ఏ ఆకు ఎన్ని, ఎంతసేపు మరగాలి, ఏ వయసుకు ఎన్ని చెంచాలు అన్న మన ఇళ్ల లెక్క ఎక్కడా వ్రాసి లేదు. అది మన అమ్మీజాన్‌ల, దాదీల చేతుల్లోనే ఉండిపోయింది. ఒక దాదీ కన్నుమూస్తే ఒక పుస్తకం పోయినట్టే. కాబట్టి ఈ చలికాలంలో మీ ఇంటి పెద్దమ్మల పక్కన కూర్చుని, అడిగి, పిల్లలచేత ఒక కాగితం మీద వ్రాయించండి. తెలుగైనా సరే, ఉర్దూ అయినా సరే. దానిని సంఘానికి పంపితే తెలిసిన డాక్టరుకు, హకీముకు చూపించి దాచిపెట్టుకుందాం. గిన్నె చల్లారినా మళ్లీ వేడి చేసుకోవచ్చు, లెక్క పోతే మాత్రం తిరిగి రాదు.