బుల్లి కెమెరా మీది రాత

మా కురవి పేరు చెప్పగానే భక్తులకు వీరభద్రస్వామి గుర్తుకొస్తాడు. నాబోటి తెలుగు పండితులకు కొరవి గద్యశాసనం. శాసనం చదివేవాడు ముందుగా వెదికేది రాజు పేరు. కాలనిర్ణయానికి అదే ఆధారం. పదవీ విరమణానంతరం బుల్లి కెమెరాల సేకరణలో పడిన నాకు ఈ పాఠమే అక్కరకు రావాలి. రాలేదు. ఆ సంగతి చివర చెబుతాను.

గూఢచారి కెమెరా అనగానే సేకర్తలు తలచేది మినాక్స్‌ను. 1905లో రీగాలో పుట్టిన వాల్టర్ జాప్ దాని సృష్టికర్త. ఎల్లవేళలా జేబులో ఉండే కెమెరా ఆయన కోరిక. గూఢచారులు ఆయన ఊహలో లేరు. 1938లో రీగాలోని వి.ఇ.ఎఫ్. కర్మాగారంలో తయారీ మొదలైంది. పొడవు 8 సెంటీమీటర్లు. ఒక్కో చిత్రం 8×11 మి.మీ., చిటికెనవేలి గోరంత! అగ్గిపెట్టెలా లాగి మూస్తే ఫిల్ము ముందుకు జరుగుతుంది. 20 సెంటీమీటర్ల దూరంలోని కాగితాన్ని సైతం స్పష్టంగా పట్టగలదు. గూఢచారులు దీన్ని వరించింది అందుకే. సోవియట్ కర్నల్ ఒలెగ్ పెన్‌కోవ్‌స్కీ రహస్యపత్రాలను మినాక్స్‌తోనే చిత్రించి పాశ్చాత్యులకు చేరవేశాడు. 1963లో మరణశిక్షకు గురయ్యాడు.

నన్ను ఆకట్టుకున్నది మాత్రం ఆ సాహసగాథలు కావు, కెమెరా ఒంటి మీది రాత. తొలినాటి వాటిపై 'లాత్వియాలో తయారైనది' అని ఉంటుంది. 1940లో సోవియట్ యూనియన్ ఆ దేశాన్ని కలుపుకుంది. అదే కర్మాగారం, అవే పనిముట్లు. రాత మాత్రం 'సోవియట్ యూనియన్‌లో తయారైనది' అని మారింది. మరుసటి ఏడు జర్మన్లు వచ్చారు. హాలీ సిక్కా రూపాయిని చేతబట్టి చూసిన తెలంగాణవారికి ఇది వింతగా తోచదు. రీగాలో తయారైనవి మొత్తం సుమారు 17,000. యుద్ధానంతరం, 1948 నుండి, తయారీ జర్మనీలో సాగింది. జాప్ 2003లో కన్నుమూశాడు.

రీగా మినాక్స్ కొనే స్తోమత నాకెక్కడిది? హైదరాబాదు జుమేరాత్ బజారులో నాకు దొరికింది 'హిట్' అనే జపాను బుల్లి కెమెరా. 17.5 మి.మీ. ఫిల్ముతో పనిచేసే చవక వస్తువు, బొమ్మకు కాస్త ఎక్కువ. యుద్ధంలో ఓడి జపాను అమెరికా సేనల అధీనంలో ఉన్న కాలంలో ఇలాంటివి కొన్నింటిపై 'ఆక్రమిత జపాన్‌లో తయారైనది' అని ముద్రించేవారు. ఆ ఆక్రమణ 1952లో ముగిసింది. కనుక ఆ ఒక్క మాట ఉంటే చాలు, వస్తువు వయసు తేలినట్టే.

నేనేం చేశాను? ఇంటికి తెచ్చిన పూటే గరుకు కాగితంతో తుప్పు వదిలించాను. తళతళలాడింది. మా ఆవిడ కూడా మెచ్చుకున్నది. అడుగుభాగాన ఇప్పుడు మిగిలింది 'జపాన్' ఒక్కటే. దానికి ముందంతా నున్నటి రేకు. కొరవి శాసనాన్ని ఎవరైనా ఇలా తోమి ఉంటే వాణ్ణి నేనేమని ఉండేవాణ్ణి!

దీపం కింద ఏటవాలుగా వంచితే ఒకచోట సన్నని గీత కనిపిస్తుంది. అది అక్షరం తాలూకు మిగులో, నా గరుకు కాగితం గీతో!