సూర్యుడెవ్వని సొమ్ము?

నెల్లూరి తీరమున ఉప్పు పండించువారికి కట్టెలతో పనిలేదు. సముద్రజలమును మడులకు పారించి విడిచినచో దానిని ఇగిర్చు భారము సూర్యుడే వహించును. అట్లయ్యును 1805వ సంవత్సరమున ఈస్టిండియా కంపెనీవారు చెన్నపురి రాజధానియందు ఉప్పును తమ గుత్తసొత్తుగా జేసికొనిరి. ఎండ అందరిది, ఎండలో పండిన ఉప్పు మాత్రము దొరతనమువారిదయ్యెను. ఈ భేదమును మనసునందుంచుకొని మేము నేటి విద్యుచ్ఛక్తి విషయమును విచారింపదలచితిమి.

2007లో కృష్ణపట్టణమున 4000 మెగావాట్ల బొగ్గు విద్యుత్కేంద్రమును నిర్మించుటకు ఒక కంపెనీ పోటీలో హక్కు పొందెను. యూనిటు వెల సుమారు రూ. 2.33. ఇండోనీషియా బొగ్గు చౌకగా ఓడలలో దిగునని వారి లెక్క. కాని 2010లో ఆ దేశ ప్రభుత్వము తాను నిర్ణయించిన ప్రమాణధరకు తక్కువగా బొగ్గు నమ్మరాదని శాసించెను. పాత ఒప్పందములు సైతము 2011 సెప్టెంబరునాటికి ఆ శాసనమునకు లోబడవలసివచ్చెను. లెక్క తలక్రిందయ్యెను, పని నిలిచెను, ఆ కేంద్రము పూర్తికానేలేదు. ఇందుకు ఇండోనీషియావారిని నిందింపరాదు. తమ నేలలోని సంపదకు తగిన వెల గోరుట ఏ జాతికైనను ధర్మమే. పరదేశపు చౌక శాశ్వతమని నమ్ముటయే పొరపాటు.

2022 జనవరిలో ఆ దేశమే తన విద్యుత్కేంద్రములకు బొగ్గు చాలక ఎగుమతులను కొన్నాళ్లు నిలిపెను. మరుసటి నెలలో ఉక్రెయినుపై రష్యా దండెత్తగా లోకమంతట బొగ్గు వెల మిన్నంటెను.

ఇక సూర్యుని ఆశ్రయింతమన్నచో అచ్చటను చిక్కు కలదు. 2022లో అంతర్జాతీయ ఇంధన సంస్థ ప్రకటించిన లెక్క ప్రకారము, సౌరఫలకముల తయారీలోని ప్రతి అంచెయందును నూటికి 80 పాళ్లకు మించి చీనావారిదే. ఆ యేటి ఏప్రిలు నుండి మన ప్రభుత్వము విదేశీ ఫలకములపై నూటికి 40 వంతున సుంకము విధించెను. ఫలకములు కూర్చు కర్మశాలలు మనదేశమున పెరిగినవి. సిలికాను శుద్ధియందును, దానిని పలుచని పొరలుగా కోయుటయందును ఇంకను వెనుకబడియే యున్నాము. సుంకము కంచె మాత్రమే. కంచె వేసినంతనే పైరు పండదు.

అట్లైన బొగ్గే మేలందురా? కాదు. బొగ్గు దినదినము కొనవలసినది. ఓడ నిలిచిన కొలది దినములకే పొయ్యి చల్లారును. ఫలకమో, ఒకమారు అమర్చిన పాతికేండ్లు పనిచేయును. అమ్మినవాడు అలిగినను దీపమారదు. ఆ పాతికేండ్లు మనకు దొరకిన గడువు. ఆలోపల మన బిడ్డలు ఆ విద్యను నేర్చి, ఆ పనిముట్లను స్వయముగా చేయగలిగిరా, సూర్యుడు మనవాడగును. లేనిచో ఎండ మనది, పంట పరులది యన్న పాత కథయే మరల నడచును.