ధనుర్మాసపు నీళ్లు: రాయవేలూరు, గుడియాత్తం సీమలో వేకువ ఈత

పాలారు లోయలో చలికాలపు వేకువ ఈతకు చరిత్ర రాయబూనినవారు ముందుగా వానల లెక్క చూడవలసి ఉంటుంది. నైరుతి రుతుపవనాలు ముందే తడిపినప్పటికీ, రాయవేలూరు (వేలూరు), గుడియాత్తం ప్రాంతాల చెరువులను, బావులను నింపడంలో అక్టోబరు నుంచి డిసెంబరు వరకు కురిసే ఈశాన్య రుతుపవనాల వానలకూ పెద్ద పాత్ర ఉంది. అందువల్ల ధనుర్మాసం, అనగా సూర్యుడు ధనూరాశిలో ఉండే డిసెంబరు నడిమి నుంచి సంక్రాంతి వరకు గల నెల, ప్రవేశించేసరికి పలమనేరు వైపు నుంచి దిగివచ్చే కౌండిన్య నదిలోనూ, అది చేరే పాలారులోనూ, చుట్టుపక్కల బావుల్లోనూ నీరు నిండుగా ఉండే అవకాశం ఎక్కువ. తెల్లవారుజామున నీట దిగాలన్న నియమం పడినది సరిగ్గా ఈ నెలలోనే.

ఆ నియమానికి సాహిత్య ప్రతిష్ఠ ఆండాళ్ రచించిన 30 పాశురాల తిరుప్పావై వల్ల కలిగింది. కన్నెపిల్లలు వేకువనే లేచి స్నానమాడి నోచే నోము దాని ఇతివృత్తం. ఆండాళ్ కథనే శ్రీకృష్ణదేవరాయలు ఆముక్తమాల్యదగా తెలుగులో కావ్యం చేశాడు. రాయవేలూరు కోట 16వ శతాబ్దంలో విజయనగర సామంతుడైన చిన్న బొమ్మినాయకుని కాలంలో రూపుదిద్దుకోగా, 17వ శతాబ్దపు తొలినాళ్లలో ఆరవీటి రాజులు దానిని రాజధానిగా చేసుకున్నారు. కనుక తమిళుల మార్గళి నోము, తెలుగువారి మాఘస్నానం ఈ సీమలో ఒకే రేవులో ఇరుగుపొరుగుగా సాగాయనుకోవడంలో వింత లేదు. అయితే మూడు మునకలు వేసి గట్టెక్కే నోము స్నానాన్ని ఈతగా లెక్కించడం చరిత్రకారునికి తగదు. అది శరీరానికి నేర్పినది ఆ వేళను మాత్రమే, బార వేయడాన్ని కాదు.

బార వేయడం నేర్పినది బావి. ఈ సీమ ఉండిన ఉత్తర ఆర్కాటు జిల్లా బావి సేద్యానికి పేరుపొందిన జిల్లా; ఎద్దుల జత ఏటవాలు బాటలో దిగుతూ తోలు సంచితో నీటిని పైకి లాగే కపిల, లేదా మోట, కోసం విశాలమైన బావులు తవ్వేవారు. లోపలికి రాతిమెట్లు ఉన్న దిగుడు బావులు పల్లె పిల్లలకు ఈత బడులయ్యాయి. ఎండిన సొరకాయ బుర్రనో, నీట తేలే జీలుగ బెండునో వీపుకు కట్టి, నడుముకు తాడు వేసి పెద్దలు పిల్లలను నీటిలోకి దింపేవారు. భయం తగ్గే కొద్దీ ఆ ఆసరాలను తొలగించేవారు. భూగర్భ జలపు వేడి ఆ చోటి సగటు వార్షిక ఉష్ణోగ్రతకు దగ్గరగా నిలుస్తుంది కాబట్టి, గాలి 18-20 డిగ్రీల సెల్సియస్‌కు దిగిన జనవరి వేకువలో బావినీరు గోరువెచ్చగా తగులుతుంది. ఈతకాలంలో సైతం 15-18 డిగ్రీలు దాటడం అరుదైన ఇంగ్లిష్ ఛానల్‌తో పోలిస్తే ఇది చలిని ఓర్చే సాధనే కాదు. ఇక్కడి అసలు పరీక్ష ఒడ్డున బట్టలు విప్పే ఆ కొద్ది క్షణాలదే. కోట చుట్టూ ఉన్న అగడ్త ఎంత విశాలమైనదైనా ఈ కథలోకి రాదు, ఎందుకంటే అది శత్రువును ఆపడానికి తవ్వినది, పైగా అందులో మొసళ్లు ఉండేవని ప్రతీతి.

ఈ ఏర్పాటును రెండు మార్పులు దెబ్బతీశాయి. మొదటిది విద్యుత్ పంపు. బి.హెచ్. ఫార్మర్ సంపాదకత్వంలో 1977లో వెలువడిన హరితవిప్లవ అధ్యయనం ఈ జిల్లాను ఎంచుకోవడమే ఇక్కడి సేద్యం ఎంత వేగంగా మారిందో తెలుపుతుంది. కపిల అందుకోలేని లోతు నుంచి పంపులు నీరు తోడగా మట్టం దిగిపోయింది, బోరుబావి వచ్చాక దిగుడు మెట్లు ఎండు గోతిలోకి దారితీశాయి. రెండవది తోళ్ల పరిశ్రమ. పాలారు తీరపు తోళ్ల శుద్ధి కర్మాగారాల వ్యర్థజలాలపై వేలూరు పౌర సంక్షేమ వేదిక వేసిన వ్యాజ్యంలో 1996 ఆగస్టు 28న సుప్రీంకోర్టు ఇచ్చిన తీర్పు, సుమారు 35,000 హెక్టార్ల సాగుభూమి పూర్తిగానో పాక్షికంగానో పనికిరాకుండా పోయిందన్న అంచనాను ప్రస్తావించింది. పంటకే పనికిరాని నీరు ఈతకు పనికివస్తుందా?

నేటి ఔత్సాహిక క్రీడాకారునికి, అనగా ఉద్యోగం చేసుకుంటూ తీరిక వేళ సుదూర పోటీలకు సాధన చేసేవానికి, వేకువ మిగిలింది గాని నది మిగలలేదు. ఈత, సైకిల్, పరుగు కలిసిన ఐరన్‌మ్యాన్ పోటీలో 3.8 కిలోమీటర్ల ఈతకు సిద్ధమయ్యేవారు 25 మీటర్ల కొలనులో 152 పొడవులు ఈదవలసిందే. 2021 మార్చిలో హైదరాబాదుకు చెందిన గోలి శ్యామల నలభైలు దాటిన వయసులో పాక్ జలసంధిని సుమారు 13 గంటల 43 నిమిషాల్లో ఈదిన తరువాత తెలుగువారిలో ఇటువంటి సాధనకు గౌరవం పెరిగింది. పాలారు మాత్రం ఆ గౌరవానికి దూరంగానే ఉంది. 2025 జనవరి 30న సుప్రీంకోర్టు ఆ నది కాలుష్యంపై మళ్లీ తీర్పు ఇస్తూ, విశ్రాంత హైకోర్టు న్యాయమూర్తి అధ్యక్షతన పర్యవేక్షక కమిటీ వేయాలని ఆదేశించింది. ఈ రెండు తీర్పుల నడుమ 28 ఏళ్లు గడిచాయి.