రాజీ డిక్రీలో మా తాత వేలిముద్ర



ఈసారి చరిత్రను మా ఇంటి ట్రంకుపెట్టె నుంచి మొదలుపెడతాను. తాత పోయాక అందులో 1974 నాటి మున్సిఫ్ కోర్టు డిక్రీ నకలు దొరికింది. ఊరి భూస్వామి దగ్గర ప్రోనోటు మీద తీసుకున్న 800 రూపాయల అప్పు వడ్డీతో 1,900 అయిందని తాత ఒప్పుకున్నట్టు, ఇరుపక్షాలు ఇష్టపూర్వకంగా రాజీపడినట్టు ఉంది. తాత పేరు పక్కన 'వేలిముద్ర' అని రాసి ఉంది.

నాయనమ్మను అడిగాను. "వాయిదా కాయితమని చెప్పిండ్రు బిడ్డా. ఏలు పట్టుకొని ముద్ర ఏయించుకున్నరు" అంది. అప్పటికి తాత ఆ భూస్వామి ఇంట్లోనే జీతగాడు. యజమానీ ఆయనే, అప్పిచ్చిందీ ఆయనే, కోర్టులో వాదీ ఆయనే.

'రాజీ' అరబీ నుంచి పారసీ, ఉర్దూల మీదుగా మనకొచ్చిన మాట. తృప్తిపడటం, సమ్మతించటం దాని అర్థం. తాత దేనికి తృప్తిపడ్డాడు?

ఈ ప్రశ్న కొత్తది కాదు. 1875 మే నెలలో పుణె జిల్లా సూపే గ్రామంలో రైతులు షావుకార్ల ఇళ్ల మీద పడి అప్పుపత్రాలు తగలబెట్టారు. తమను ముంచుతున్నది ఆ కాగితమేనని వాళ్లకు తెలుసు. ఆ తిరుగుబాటు తర్వాత 1879లో దక్కన్ రైతుల సహాయ చట్టం వచ్చింది. పత్రంలో ఏముందో చూసి ఊరుకోకుండా, అప్పు పుట్టిన దగ్గర్నుంచి లెక్క విచారించమని అది కోర్టుకు చెప్పింది. రైతు అప్పు ఒప్పుకున్నా సరే, ఆ ఒప్పుకోలు నిజమని, తన హక్కులన్నీ తెలిసే చేశాడని కోర్టుకు నమ్మకం కలిగితేనే విచారణ మానుకోవచ్చు. తెలియని సమ్మతి సమ్మతి కాదని వలస పాలకులే రాసుకోవాల్సి వచ్చింది. కానీ ఆ చట్టం మొదట వచ్చింది బొంబాయి రాష్ట్రంలోని నాలుగు జిల్లాలకే.

1908 సివిల్ ప్రొసీజర్ కోడ్ 96(3) సెక్షన్ ప్రకారం సమ్మతి డిక్రీ మీద అప్పీలు లేదు. మోసం జరిగిందని వేరే దావా వేసే దారి మాత్రం ఉండేది. 1976 సవరణ 23వ ఆర్డరులో 3ఎ నియమం చేర్చి, 1977 ఫిబ్రవరి 1 నుంచి ఆ దారి మూసింది. అదే సవరణ ఇంకో తలుపు తెరిచింది. రాజీ రాతపూర్వకంగా, పక్షాల సంతకాలతో ఉండాలంది. కాంట్రాక్టు చట్టం కింద చెల్లని, లేదా రద్దు చేయదగిన ఒప్పందం న్యాయమైన రాజీ కాదంది. బలవంతం, మోసం, పెత్తనంతో లొంగదీయటం అన్నీ అందులోకే వస్తాయి. రాజీని నమోదు చేసిన కోర్టులోనే దాన్ని సవాలు చేయాలని సుప్రీంకోర్టు 1993లో, మళ్లీ 2006లో చెప్పింది.

మా తాత విషయంలో అసలు దెబ్బ ఇంకోటి. వెట్టిచాకిరీ వ్యవస్థ రద్దు ఆర్డినెన్స్ 1975 అక్టోబర్ 25న అమల్లోకి వచ్చింది, 1976లో చట్టమైంది. వెట్టి అప్పు కోసం ఇచ్చిన డిక్రీ అప్పటికి పూర్తిగా తీరకపోతే, తీరిపోయినట్టే లెక్క అంటుంది 6వ సెక్షన్. అది వెట్టి అప్పు కాదని రుజువు చేసుకోవాల్సిన భారం కూడా అప్పిచ్చినవాడిదే. తాతకు ఈ సంగతి ఎవరూ చెప్పలేదు. చట్టం ఎప్పుడో కొట్టేసిన అప్పుకు ఆయన 1983 దాకా జీతం చేశాడు.

విద్యార్థి మిత్రులారా, మీ ఇళ్లలో పెట్టెలు తెరవండి. ఈమధ్య రాజీ డిక్రీ పడిన కుటుంబం మీకు తెలిస్తే, డిక్రీతో పాటు రాజీ పత్రం సర్టిఫైడ్ నకలు తీయించండి. కొత్త దావా జోలికి పోకుండా, ఆలస్యం చేయకుండా అదే కోర్టులో అర్జీ వేయించండి. "మోసపోయాం" అంటే చాలదు. ఎవరు, ఎప్పుడు, ఏం చెప్పి ముద్ర వేయించుకున్నారో వివరంగా రాయాలి. ఆ పూట అక్కడ ఎవరున్నారో మీ నాయనమ్మలకు గుర్తుంటుంది. ముందు వాళ్లను అడగండి.

జై భీమ్.