లక్ష్యాల నీడలో తల్లీ బిడ్డా

విశాఖ వన్‌టౌన్‌లోని విక్టోరియా ఆసుపత్రిని ఊళ్ళో ఎవరూ ఆ పేరుతో పిలవరు. ఘోషాసుపత్రి అంటారు. ఘోషా స్త్రీల పేరు మోస్తున్న ఆ ఆసుపత్రే రేవు కూలీల ఆడవాళ్ళకూ, బెస్త ఆడవాళ్ళకూ పురుళ్ళు పోసింది. కుటుంబ నియంత్రణ చరిత్రను ఢిల్లీ కాగితాల్లోంచి కాక ఇలాంటి పురిటిగది గుమ్మంలోంచి చూడాలని నా అభిప్రాయం.

జనాభా నియంత్రణను ప్రభుత్వ కార్యక్రమంగా చేపట్టిన తొలి దేశం మనది. అది 1952. ఆనాటి ప్రణాళికలో తల్లి ఆరోగ్యం ప్రసక్తి కూడా ఉంది. కాని 1965లో లూపు వచ్చింది. 1966లో కేంద్రంలో ప్రత్యేక శాఖ వెలిసింది. దాని వెంట లక్ష్యాలు వచ్చాయి. లూపు వేయడానికి మనుషులున్నారు గాని, తర్వాత రక్తస్రావమైతే చూసే దిక్కు లేదు. కొద్ది కాలానికే లూపు పేరు చెడింది. (అదే 1966లో విశాఖ జనం ఉక్కు ఫ్యాక్టరీ కోసం తుపాకి గుళ్ళకు ఎదురు నిలిచారు. పాలకుల లెక్కల్లో మాత్రం ఆ జనం భారమే.)

1969లో పెద్దాసుపత్రుల్లో ప్రసవానంతర కార్యక్రమం మొదలైంది. పురిటికొచ్చిన తల్లితో అప్పుడే నియంత్రణ మాట కదపాలన్నది దాని సారం. ఆలోచన తప్పుకాదు. ఉన్న బిడ్డలు బతుకుతారన్న ధీమా కలిగితే, ఇక చాలని తల్లే అంటుంది. కాని జరిగిందేమిటి? మా వదిన రెండో కాన్పు నాకు బాగా గుర్తు. బిడ్డను తూచకముందే కు.ని. ఆపరేషన్ కాగితం మీద వేలిముద్ర అడిగారు. ఆమె వేసింది. ఆరో నెలలో ఆ బిడ్డ విరేచనాలతో పోయాడు. అప్పుడు మా గడపకు ఎవరూ రాలేదు. ఏ ఆసుపత్రో చెప్పను. అది ఒక్క ఆసుపత్రి సంగతి కాదు.

ఎమర్జెన్సీలో, 1976-77 ఒక్క ఏడాదిలో, దేశంలో 80 లక్షలకు పైగా ఆపరేషన్లు జరిగాయి. అందులో ఎక్కువమంది మగవాళ్ళు. ఓట్లలో దెబ్బ తగిలింది. 1977లో 'నియంత్రణ' 'సంక్షేమం' అయింది. కత్తి మాత్రం మగవాడి మీంచి ఆడదాని మీదికి మళ్ళింది. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం ఆంధ్రప్రదేశ్‌లో 15-49 ఏళ్ళ వివాహితల్లో నూటికి దాదాపు డెబ్బై మందికి ఆపరేషన్ అయింది. మగవాళ్ళ వాటా ఒక్క శాతం కూడా లేదు.

1985లో సార్వత్రిక టీకాల కార్యక్రమం వచ్చింది. బిడ్డను నిజంగా బతికించిన పనుల్లో అదొకటి. 1994 కైరో సదస్సు తర్వాత, 1996లో కేంద్రం లక్ష్యాలు ఎత్తేసింది. మరుసటి ఏడాది పునరుత్పత్తి, శిశు ఆరోగ్య పథకం మొదలైంది. అదే ఏడాది మన రాష్ట్రం తన జనాభా విధానం ప్రకటించి ఆపరేషన్ల ఊపు తగ్గనివ్వలేదు.

ఇద్దరికి మించి పిల్లలుంటే స్థానిక ఎన్నికల్లో పోటీకి పనికిరారన్న 1994 నాటి నిబంధనను 2024లో రద్దు చేశారు. ఇప్పుడు ఎక్కువ మందిని కనమంటున్నారు. పాడేరు మన్యం నుంచి గర్భిణులను డోలీల్లో మోసుకొచ్చిన వార్తలు ఈ ఏళ్ళలోనూ ఆగలేదు.