కాలిగ్రఫీ మార్కరు

కాలిగ్రఫీ మార్కరు అనగా అక్షరాలను కళాత్మకంగా వ్రాయుటకు (కాలిగ్రఫీ) వాడే, ఉలి వలె బల్లపరుపుగా కోసిన మొన గల ఫెల్ట్ పెన్ను. దీని గొట్టంలోని పీచులో నిలువ ఉన్న సిరా మొన గుండా కాగితంపైకి దిగుతుంది. పాళీని సిరాలో ముంచడం, కడగడం వంటి పనులు ఉండవు కనుక ప్రారంభ అభ్యాసానికి ఇది అనుకూలం. అయితే మొన ఆకారం, వెడల్పు, సిరా రకం చూడకుండా కొన్న మార్కరుతో అక్షరాలు సరిగా రానప్పుడు, ఆ లోపం తన చేతిలోనే ఉన్నదని అభ్యాసకుడు పొరబడే అవకాశం ఉంది.

చరిత్ర

వెడల్పు పాళీతో వ్రాసే పద్ధతిని ఆధునిక కాలంలో పునరుద్ధరించిన వారిలో ఎడ్వర్డ్ జాన్‌స్టన్ (1872-1944) ముఖ్యుడు. ఆయన వ్రాసిన పాఠ్యగ్రంథం 1906లో లండనులో వెలువడింది. ఫెల్ట్ మొన గల మార్కర్లు 1950లలో అమెరికాలో ప్రచారంలోకి వచ్చాయి. 1962లో జపానుకు చెందిన యుకియో హోరియే పీచు మొన గల పెన్నును రూపొందించాడు. వెడల్పు పాళీ చేసే పనిని ఇటువంటి మొనతో చేయించేదే కాలిగ్రఫీ మార్కరు.

మొన రకాలు

* గుండ్రని మొన: పిల్లలు రంగులు వేసే స్కెచ్ పెన్నులకు ఉంటుంది. గీత అన్ని దిశలలోనూ ఒకే మందంతో వస్తుంది కనుక ఈ అభ్యాసానికి పనికిరాదు.
* కుంచె మొన: చేతి ఒత్తిడిని బట్టి గీత మందం మారుతుంది. ఒత్తిడిపై అదుపు రావడానికి సమయం పడుతుంది.
* ఉలి మొన: గీత మందం ఒత్తిడిని బట్టి కాక దిశను బట్టి మారుతుంది. మొన కోణం మార్చకుండా వ్రాస్తే మందం, సన్నం వాటంతట అవే ఏర్పడతాయి. ప్రారంభకులకు ఇదే తగినది.

వెడల్పు

అక్షరం ఎత్తును మొన వెడల్పుతో కొలుస్తారు. జాన్‌స్టన్ బోధించిన ఫౌండేషనల్ శైలిలో చిన్న అక్షరాల ఎత్తు 4 వెడల్పులు, మొన కోణం సుమారు 30 డిగ్రీలు. ఇటాలిక్ శైలిలో ఎత్తు సాధారణంగా 5 వెడల్పులు, కోణం సుమారు 45 డిగ్రీలు. ఆ ప్రకారం 2 మి.మీ. మొనతో ఫౌండేషనల్ అక్షరం 8 మి.మీ., 5 మి.మీ. మొనతో 20 మి.మీ. ఎత్తు ఉండాలి. 5 మి.మీ. మొనతో మామూలు రూళ్ళ పుస్తకంలో వ్రాస్తే అక్షరాలు ఇరుకై పూడుకుపోవడానికి కారణం ఇదే.

మరీ సన్నని మొనతో మందం, సన్నం తేడా స్పష్టంగా కనిపించదు. అందుచేత ప్రారంభకులకు 3 నుండి 5 మి.మీ. మొన మేలు. కురెటాకే సంస్థ జిగ్ మార్కరుకు ఒక కొనలో 2, మరొక కొనలో 5 మి.మీ. మొనలు ఉంటాయి. సకురా సంస్థ పిగ్మా కాలిగ్రాఫర్ 1, 2, 3 మి.మీ. మొనలతో లభిస్తుంది.

సిరా

అద్దకపు రంగు సిరాలలో చాలావరకు ఎండకు వెలిసిపోతాయి, తడి తగిలితే చెదురుతాయి. రంగుపొడి (పిగ్మెంటు) సిరా వెలుతురుకు, నీటికి ఎక్కువగా తట్టుకుంటుంది. అభ్యాసానికి ఏదైనా చాలును గాని, గోడకు తగిలించే ప్రశంసాపత్రంపై పేరు వ్రాయుటకు రెండవదే వాడాలి. లేనిచో కొన్నేళ్ళకు పత్రం మిగిలి, పేరు చెరిగిపోవచ్చు. పెట్టెలపై వ్రాసే ఆల్కహాలు మార్కర్ల సిరా కాగితంలో పాకి వెనుకకు దిగుతుంది.

కొనేటప్పుడు పరీక్ష

మొనను 45 డిగ్రీల కోణంలో ఉంచి ఒక కూడిక గుర్తు గీయాలి. అడ్డగీత, నిలువుగీత సమాన మందంతో రావాలి. తరువాత మొన అంచు వెంబడి గీసిన గీత వెంట్రుక వలె సన్నగా రావాలి. అది లావుగా వస్తే మొన అరిగినట్లే. నున్నని కాగితంపై మొన మెల్లగా, గరుకు కాగితంపై త్వరగా అరుగుతుంది. రెండు మొనలున్న మార్కరును అడ్డంగా పడుకోబెట్టి ఉంచాలి.

తెలుగు లిపికి

పై కొలతలు లాటిన్ లిపికి చెందినవి. తాటాకులపై గంటంతో గీసిన తెలుగు అక్షరాలలో మందం, సన్నం తేడా లేదు. గుండ్రని మలుపులు, తలకట్లు, ఒత్తులు ఎక్కువ కనుక తెలుగు వ్రాసేటప్పుడు అదే మొనతో అక్షరాలను మరింత పెద్దవిగా వ్రాయాలి, ఒత్తుల కోసం పంక్తుల నడుమ ఎడం పెంచాలి.

పరిమితులు

ఫెల్ట్ మొన మెత్తనిది కనుక వాడేకొద్దీ అంచు పదును పోతుంది. చాలా మార్కర్లలో సిరా తిరిగి నింపలేము. చేతికి కోణం అలవాటైన తరువాత లోహపు పాళీకి మారడం మంచిది. మార్కరుతో నేర్చిన కోణం, కొలత ఆ పాళీకి కూడా అలాగే వర్తిస్తాయి.